'నెలకు 1,000 నుంచి 10,000' గారికి బరంపురం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ 'నెలకు 1,000 నుంచి 10,000' గారికి,

బరంపురం పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లు నమస్కరించి రాయునది.

గూగుల్ ప్రకటనల విభాగం గూగుల్ యాడ్స్‌లో కీవర్డ్ ప్లానర్ అనే పనిముట్టు తెరిచి ఒక మాట కొడితే, నెలకు ఆ మాట సుమారు ఎన్నిసార్లు వెతుకుతారో చెప్పే అంకెగా తమరు దర్శనమిస్తారు. ప్రకటనలకు డబ్బు కట్టని ఖాతాకి ఇంతకన్నా వివరంగా కనబడరు. పెళ్లికి వెయ్యిమంది రావచ్చు, పదివేలమందీ రావచ్చు అంటే ఏ వంటవాడు పొయ్యి వెలిగిస్తాడు? మావాళ్లు మాత్రం తమర్ని చూడగానే వెలిగించేస్తున్నారు.

అసలు తమ లోపల ఎవరున్నారు? 'పట్టుచీర' అని వెతికినవాళ్లలో కొనేవాళ్లుంటారు, మరక ఎలా పోతుందో అడిగేవాళ్లుంటారు, పాత చీర అమ్మి జరీ డబ్బు చేసుకుందామనుకునేవాళ్లూ ఉంటారు. 'సిల్క్ శారీ'కీ 'సిల్క్ శారీస్'కీ తమరు ఒకే అంకె చూపిస్తే, అది ఒకటే గుంపని తెలీక మావాళ్లు రెండూ కూడేసుకుంటున్నారు. పైగా తమరు పన్నెండు నెలల సగటు. మాఘమాసం పెళ్లిళ్లూ ఆషాఢం ఈగలూ ఒకే ఎత్తున కనిపిస్తాయి. ఆ తేడా, వెతుకులాట ఎప్పుడు పెరిగిందో ఎప్పుడు తగ్గిందో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో చూడాలి. అక్కడ 100 అంటే వందమంది కాదు, ఎంచుకున్న కాలంలో వెతుకులాట అన్నిటికన్నా ఎక్కువైన చోటు. ఇక తమ పక్క గడిలో 'పోటీ: తక్కువ' అని ఉంటుంది చూడండి, అది ప్రకటనలు కొనేవాళ్ల పోటీ. దాన్ని నమ్మి గూగుల్ ఫలితాల మొదటి పేజీలో చాప పరుద్దామని వెళ్తే అక్కడ పెద్ద పెద్ద సైట్లు మంచాలేసుకుని పడుకుని ఉంటాయి.

మా ఊరి పేరు దగ్గరైతే తమరు మరీ అన్యాయం. తెలుగులో బరంపురం, సర్కారు కాగితాల్లో బ్రహ్మపుర్, పాత రైలు టికెట్ల మీది ఇంగ్లీషులో బెర్హంపూర్. బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం బహరంపూర్. ఇంగ్లీషులో ఆ పేరు ఇంచుమించు ఇలాగే రాస్తారు. ఖర్మకొద్దీ అక్కడా పట్టే ప్రసిద్ధి! తమ అంకెలో ఏ ఊరివాళ్లెందరో చెప్పరు. ఆ మాట స్వయంగా వెతికి, మొదటి పది ఫలితాల్లో ఎవరి చీరలున్నాయో కళ్లతో చూసుకోవాల్సిందే.

చీర కూడా తక్కువది కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు 'ఈ' రెండు పెట్టేవాళ్లు కొందరు, 'ఐ' ఒకటే పెట్టేవాళ్లు కొందరు. ఒడియావాళ్లు 'పాటొ శాఢీ' అంటారు. నేసేవాళ్లు 'ఫొడా కుంభొ' అంటే కొనేవాళ్లు 'గుడి అంచు' అంటారు. మా కొట్టువాళ్లేమో 'ప్రీమియం ఎథ్నిక్ కలెక్షన్' అని రాస్తారు. ఆ మాట ఏ అత్తగారూ వెతకదు. అలాగని ఒక్కో స్పెల్లింగుకి ఒక్కో పేజీ కట్టకూడదు, అలాంటి పేజీల్ని గూగుల్ స్పామ్ కింద లెక్కేస్తుంది. ఒకే పేజీలో శీర్షికకొకటి, వివరణలో రెండు, ఫొటో పేరులో ఇంకొకటి ఇమిడిపోతాయి.

ఇక తమర్ని కొన్నాళ్లు పక్కన పెడదామనుకుంటున్నాం, కోపగించుకోకండి. వాట్సాప్‌లో వచ్చిన చివరి యాభై విచారణలు, అక్షరదోషాలు దిద్దకుండా, నోటుపుస్తకంలో ఎక్కించాలి. ఒక్కో మాటా గూగుల్ పెట్టెలో కొట్టి, ఎంటర్ నొక్కకుండా, కింద వచ్చే సూచనలు రాసుకోవాలి. పాత వెతుకులాటలు అడ్డురాకుండా ఇన్‌కాగ్నిటో కిటికీలో. సైట్ కొన్ని నెలలుగా నడుస్తుంటే, మన సైట్ గూగుల్‌లో ఏ మాటలకి కనబడిందో చూపే సెర్చ్ కన్సోల్ ఉండనే ఉంది: 16 నెలల లెక్క, జనం నిజంగా కొట్టిన మాటలు. అరుదైనవి గోప్యత పేరుతో దాచేస్తుంది, తెరమీద వెయ్యి వరసలే చూపిస్తుంది, అయినా తమకన్నా నయం. అందులో ఫలితాల్లో మన సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉండి, చాలాసార్లు కనబడి, క్లిక్కులు రాని మాటల్ని ముందు పట్టుకోవాలి. పేజీ ఉన్నదే, ఆ మాటే అందులో ఉండదు.

'బరంపురం పెళ్లి జోడు ధర' లాంటి పొడుగు మాటల దగ్గర తమ తమ్ముడు '10 నుంచి 100' గారు గుమ్మం బయట నిలబడి ఉంటే, దయచేసి ఆయన్ని ముందు లోపలికి పంపండి. తమరి సంగతి సంక్రాంతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
గంజాం జిల్లా తెలుగు వర్తకులు