గుజ్జు అరిగిందని మంచమెక్కమనే మెసేజ్‌లో తప్పులెన్ని?

"అరవై దాటాక మోకాలి గుజ్జు అరుగుతుంది. నడిచేకొద్దీ ఇంకా అరుగుతుంది. మెట్లెక్కకండి, మోకాలి కింద దిండు పెట్టుకుని విశ్రాంతి తీసుకోండి. ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తే ఇక ఆపరేషనే." వాట్సాప్‌లో చక్కర్లు కొడుతున్న ఈ మెసేజ్‌లో, వయసుతో ఆస్టియోఆర్థరైటిస్ (గుజ్జు అరిగే కీళ్ళ జబ్బు) పెరుగుతుందన్న మొదటి మాట వరకే నిలుస్తుంది.

నడిస్తే అరుగుతుందా? వాడేకొద్దీ అరిగిపోవడానికి మోకాలు చెప్పు అట్ట కాదు. గుజ్జుకు సొంత రక్తనాళాలు లేవు, దాని పోషణ చాలావరకు కీలులోని జిగురు ద్రవం నుంచే. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు సడలుతుంటేనే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది.

విశ్రాంతితో ముందు పోయేది కండ. 2007లో వెలువడిన ఓ అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు 10 రోజులు మంచం మీదే ఉంటే కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గింది. తొడ కండ బలహీనపడితే అది మోయాల్సిన భారం కీలు మీద పడుతుంది, నొప్పి పెరుగుతుంది, నడక ఇంకా తగ్గుతుంది. నొప్పి పూర్తిగా పోయాకే కదులుదామని కూర్చునేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే.

తొడ కండను బలపరచుకోవడానికి కుర్చీ చాలు. గట్టి కుర్చీని గోడకు ఆనించండి. అంచుకు జరిగి కూర్చుని, పాదాలను కాస్త వెనక్కి లాగి, ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. 8 నుంచి 10 సార్లు, కాస్త ఆగి మళ్ళీ అన్నిసార్లు, రోజు విడిచి రోజు. చాలామంది తప్పేది దిగేటప్పుడే: దబ్బున కూలబడతారు, లేదా మోకాళ్ళు లోపలికి వాలిపోతాయి. లేవలేకపోతే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, మోకాలు తక్కువ వంగుతుంది. చేసేటప్పుడు పదికి నాలుగైదు నొప్పి ఉన్నా మర్నాటికి మామూలైతే కొనసాగించవచ్చు. మర్నాడు వాపు వస్తే సంఖ్య సగం చేయండి, మానేయకండి.

అయితే మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి.

మెసేజ్‌లోని మోకాలి కింద దిండు సలహా అన్నిటికంటే చెడ్డది. హాయిగానే ఉంటుంది, కానీ గంటలకొద్దీ వంగి ఉన్న మోకాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. మోకాలి మార్పిడి ఆపరేషన్ తర్వాత ఈ అలవాటు మరీ చేటు. చుట్టిన తువ్వాలును మోకాలి కింద కాకుండా మడమ కింద పెట్టి, 5 నుంచి 10 నిమిషాలు కాలు చాపి ఉంచండి.

మెట్లు మానక్కర్లేదు. రెయిలింగ్ పట్టుకుని, ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. చేతికర్ర నొప్పి కాలికి ఎదుటి వైపు చేతిలో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి.

ఇక ఎక్స్‌రే. ఫిల్ములో బాగా అరిగినట్టున్నా హాయిగా నడిచేవాళ్ళున్నారు, అరుగుదల కొద్దిగానే ఉన్నా బాధపడేవాళ్ళూ ఉన్నారు. ఆపరేషన్‌కు ముందు చూడాల్సింది నొప్పి ఎంత, ఏ పని ఆగిపోయింది, వ్యాయామం, బరువు తగ్గడం, మందులు సరిగా వాడి చూశారా అన్నది.