పుట్టకముందే పిలుస్తారేమండీ, ఇనిషియలైజ్‌కాంపొనెంట్ గారూ!

మహారాజశ్రీ ఇనిషియలైజ్‌కాంపొనెంట్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

తమరు క్షేమమని నాకు తెలుసు. తమరికి ఎప్పుడూ ఏమీ కాదు, అయ్యేదంతా తమరిని పిలిచినవాళ్ళకే. ప్రోగ్రాంలో ఒక విండోను తయారుచేసే కోడును కన్‌స్ట్రక్టర్ అంటారు; ప్రతి విండో కన్‌స్ట్రక్టర్‌లోనూ మొదటి వరుస తమరిది, విండోలోని బటన్లూ పెట్టెలూ అన్నిటినీ పుట్టించే మెథడ్ తమరే. తమరి పని ముగిసేదాకా కింది వరుసలు నోరెత్తకూడదు. విండోస్ తెరలు రాసే పాత పద్ధతి విన్‌ఫామ్స్ రోజుల్లో తమరి గుమ్మం మీదే హెచ్చరిక రాసి ఉండేది: ఈ మెథడ్ డిజైనర్‌కు (తెరను గీసి చూపే పనిముట్టుకు) అవసరం, ఇందులో ఉన్నదాన్ని కోడ్ ఎడిటర్‌తో మార్చవద్దు అని. తరువాతి పద్ధతి డబ్ల్యూపీఎఫ్‌కు వచ్చాక తమరి హోదా ఇంకా పెరిగింది. ఆబ్జ్ ఫోల్డరు లోపల, ఎవరూ తొంగిచూడని ఫైలులో కాపురం పెట్టారు. ఎవరైనా సాహసించి అక్కడ ఒక వరుస మార్చినా, తరువాతి బిల్డ్‌లో (కోడును ప్రోగ్రాంగా మార్చేటప్పుడు) చెరిపేసి తమరికి నచ్చినట్టు మళ్ళీ రాసుకుంటారు. ముట్టుకోవద్దన్న మాటకు ఇంత కట్టుదిట్టం చేసుకున్న అధికారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

అంతటివారి దృష్టికి నిన్నటి మధ్యాహ్నం సంగతి తేవడం సాహసమే. అయినా తెస్తున్నాను.

ఎరువులు, విత్తనాల కొట్టుకు రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాం అది. యజమాని గొంతెమ్మ కోరికేమీ కోరలేదు. బిల్లు తెర అడుగున ఉన్న 'నగదు', 'అరువు' అనే రెండు రేడియో బటన్లను పైకి జరపమన్నారు. దుక్కుల కాలం మొదలైతే వచ్చినవాళ్ళలో అరువు అడిగేవాళ్ళే ఎక్కువట, ఆ సంగతి ముందే తేల్చుకుంటే మంచిదట. న్యాయమైన మాట. తెర రూపం రాసి ఉండే జామల్ ఫైలులో ఆ వరుసలను కింద కత్తిరించి పైన అతికించాను. వెనకున్న కోడులో ఒక్క అక్షరం కదపలేదు. డిజైనర్‌లో తెర ముచ్చటగా కనిపించింది. ప్రోగ్రాంను నడిపే ఎఫ్5 మీట నొక్కాను.

విండో రాలేదు. విండో బదులు తమరి రాయబారి, జామల్‌పార్స్‌ఎక్సెప్షన్ అనే దోష సందేశం గారు విచ్చేశారు. బటన్ ఎంపికైందో లేదో చెప్పే ఈజ్‌చెక్‌డ్ అనే ప్రాపర్టీకి విలువ ఇస్తుండగా ఎక్సెప్షన్ వచ్చిందని, ఫలానా వరుసలో, ఫలానా స్థానంలో అని విన్నవించుకున్నారు. వెళ్ళి చూస్తే ఆ వరుసలో ఉన్నది నగదు బటన్. దాని మీద ఏ తప్పూ లేదు. పై పొర విప్పితే లోపల ఇంకో పొర, అందులో మనందరికీ కంఠతా వచ్చిన వాక్యం: ఆబ్జెక్ట్ రెఫరెన్స్ ఏ ఆబ్జెక్టునూ చూపడం లేదు. ఏ ఆబ్జెక్టండీ? అది మాత్రం చెప్పరు. వరుస నంబరు తెలిసినవారికి, ఎన్నో అక్షరమో కూడా తెలిసినవారికి, లేనిదాని పేరు తెలియదంటే నేను నమ్మాలి. జావా భాష వాళ్ళు కూడా 2020లో ఏది నల్ (ఏ ఆబ్జెక్టూ లేని ఖాళీ) అయిందో పేరుపెట్టి చెప్పడం నేర్చుకున్నారు. జావా వాళ్ళండీ! వాళ్ళను ఆదర్శంగా చూపవలసిన గతి నాకు పట్టించారు.

ఇంతకీ తమరు చేసింది ఇది. జామల్‌ను పైనుంచి కిందికి చదువుతారు. ఒక్కో కంట్రోల్‌ను (బటన్, పెట్టె వగైరా) పుట్టించి, పేరు ఉంటే ఫీల్డుకు (కోడులో ఆ పేరుతో ఉన్న చోటుకు) తగిలించి, దాని ప్రాపర్టీలూ ఈవెంట్లూ అమర్చి, తరువాతిదాని దగ్గరకు వెళ్తారు. నగదు బటన్ మొదటినుంచీ ఎంపికై ఉండాలని నేను రాసుకున్నాను కాబట్టి దానికి ట్రూ అన్నారు. అనగానే, బటన్ ఎంపికైందని చాటే చెక్‌డ్ ఈవెంట్ మోగింది. ఆ ఈవెంట్‌కు నేను రాసిన పని ఒక్కటే, అరువు వివరాల ప్యానెల్‌ను దాచెయ్యడం. ఆ ప్యానెల్ కింద ఎక్కడో ఉంది. తమరు ఇంకా అక్కడిదాకా చదవనే లేదు. గోడలు లేవకముందే గుమ్మానికి కాలింగ్ బెల్ బిగించి, తమరే ఒకసారి నొక్కి చూసుకుని, ఇంకా కట్టని గదిలోనుంచి మనిషి వచ్చి తలుపు తీయలేదని ఇల్లంతా కూల్చేసి వెళ్ళిపోయారు.

ఆ బటన్లు అడుగున ఉన్నంతకాలం తమరు అదే బెల్లు అలాగే నొక్కారు. అప్పటికి ప్యానెల్ పుట్టి ఉండేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. నన్ను మండించేది ఇదే. తెర మీద ఏది ఎక్కడ కనిపించాలన్నది ఒక సంగతి. ఏది ముందు పుట్టాలన్నది వేరే సంగతి. మొదటిది కొట్టు యజమాని ఇష్టం, రెండోది నా తలనొప్పి. ఈ రెండింటినీ ఒకే తాడుకు కట్టి, ఆ కట్టిన విషయం ఎవరికీ చెప్పకుండా తమరు చల్లగా కూర్చున్నారు.

సాయంత్రం ఆయన ఫోను చేశారు. "రెండు బొత్తాలు పైకి జరపమంటే ప్రోగ్రాం చచ్చిపోవడం ఏమిటండీ?" అన్నారు. ఏం చెప్పను? ఆబ్జెక్టులు పుట్టే క్రమం గురించి ఎరువుల బస్తాల మధ్య నిలబడిన మనిషికి ఎలా చెప్పను? వాస్తు ప్రకారం అవి కిందే ఉండాలని చెప్పాను. వెంటనే ఒప్పుకున్నారు. సాంకేతికంగా చూస్తే నేను చెప్పింది అబద్ధం కూడా కాదు. ఒక్క క్షణం ఆగి, "అయితే ఈశాన్యం మూలకు పెట్టండి" అన్నారు. తెరకు ఈశాన్యం అంటే పై కుడిమూల. మళ్ళీ పైకే.

తమరి బంధువర్గం గురించి కూడా రెండు ముక్కలు విన్నవించుకోవాలి. డిజైనర్ గారు ముందు రావాలి. తెర అంత చక్కగా ఎలా చూపించారయ్యా అంటే, ఆయన నా విండో కోడును నడపనే నడపరట. బటన్‌ను చూపిస్తారు, దాని చెక్‌డ్ ఈవెంట్‌కు నేను రాసిన పనిని మాత్రం పిలవరు. పెళ్ళిచూపుల ఫోటో ఆయన బాధ్యత, కాపురం నా బాధ్యత. విన్‌ఫామ్స్‌లో ఆయన అన్నగారు ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ యూజర్ కంట్రోల్‌ను ఫారం మీద పెడితే దాని కన్‌స్ట్రక్టర్‌ను నిజంగానే నడిపేస్తారు. ఇప్పుడు నడుస్తున్నది డిజైనర్‌లోనా అని తెలుసుకోవడానికి డిజైన్‌మోడ్ అనే ప్రాపర్టీ ఇచ్చారు కదా అని కన్‌స్ట్రక్టర్‌లో అడిగితే, కాదు అంటుంది. ఎప్పుడు అడిగినా కాదనే అంటుంది, ఎందుకంటే తాను ఎక్కడున్నదో దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఫలితంగా నేను బటన్ రంగు మార్చుకుంటుంటే, వెనక ఎవరో డేటాబేస్ తలుపు తడుతుంటారు.

జాబితాలోంచి ఎంచుకునే కాంబోబాక్స్ గారికి డేటాసోర్స్ (జాబితా ఎక్కడిదో) ముందు ఇచ్చి వాల్యూమెంబర్ (అందులో ఏ విలువ కావాలో) తరువాత ఇస్తే, ఆ మధ్య సందులోనే ఎంపిక మారిందహో అని చాటింపు వేస్తారు. ఏది ఎంచుకున్నారు స్వామీ అంటే ఐడీ నంబరు ఇవ్వరు, డేటారోవ్యూ అంటూ మొత్తం వరుసనే నెత్తిన పెడతారు. అంకెలు పెంచి తగ్గించే న్యూమరిక్‌అప్‌డౌన్ తన గరిష్ఠం 100 అని తనంతట తానే నిర్ణయించుకున్నది, ఆ గరిష్ఠం పెంచకముందు 500 అంటే గొడవకు దిగుతుంది. డబ్ల్యూపీఎఫ్ స్లయిడర్‌కు కనిష్ఠ విలువ 20 అని చెప్పడమే పాపం, ఎవరూ కదపకుండానే తన విలువ మారిందని కబురు పంపుతుంది. ఇవన్నీ చిన్న చేపలు, వదిలేస్తున్నాను.

కోడును ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ గారిని మాత్రం వదలలేను. 2019లో, నేను రాసే సీషార్ప్ భాషకు 8వ వెర్షన్ వచ్చినప్పుడు, నల్ అయ్యే అవకాశం ఉన్నచోటల్లా ముందే హెచ్చరిస్తామని చెప్పారు. సంతోషించాను. నల్ రెఫరెన్స్‌ను 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం కనిపెట్టిన టోనీ హోర్ 2009లో అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని స్వయంగా ఒప్పుకున్నారు. కనిపెట్టినాయనే ఒప్పుకున్నాక, ఆలస్యంగానైనా మనవాళ్ళు మేల్కొన్నారనుకున్నాను. ఆ హెచ్చరికలన్నీ నా ఫైళ్ళలో తుచ తప్పకుండా వస్తున్నాయి. సందేహమే అక్కరలేని చోట కూడా గీత గీసి నిలదీస్తున్నారు. తమరి ఫైలు మీద మాత్రం ఆటో జనరేటెడ్ అనే ముద్ర ఉంది కాబట్టి దాని జోలికి వెళ్ళరు. అరువు ప్యానెల్ ఫీల్డు పుట్టింది ఆ ఫైలులోనే. కాబట్టి దాన్ని నేను ఎక్కడ వాడుకున్నా నల్ అవుతుందేమోనన్న అనుమానం వారికి కలగదు. నాకు తాఖీదులు, తమరికి దండలు.

అనుభవజ్ఞులు ఒక సలహా ఇచ్చారు: ఇలాంటి పనులన్నీ, తెర సిద్ధమయ్యాక మోగే లోడెడ్ ఈవెంట్‌లో పెట్టుకో నాయనా, అప్పటికి అందరూ పుట్టి ఉంటారు అని. బాగానే ఉంది. ఇంతకుముందు ఆ సలహా పాటించి, టాబ్‌లో ఉన్న కంట్రోల్‌కు లోడెడ్‌లో ఈవెంట్ కట్టాను. టాబ్ మార్చి వెనక్కి వచ్చినప్పుడల్లా లోడెడ్ మళ్ళీ వస్తుందని తరువాత తెలిసింది. వచ్చినప్పుడల్లా ఇంకో ముడి పడింది. ప్రింట్ ఒకసారి నొక్కితే ఒకే రైతుకు ఒకే యూరియా బిల్లు వరుసగా అచ్చవుతూ పోయింది. తమరు పుట్టకముందే పిలుస్తారు, ఆయన పుట్టిన ప్రతిసారీ పిలుస్తారు. సరిగ్గా ఒక్కసారి, సరైన వేళకు పిలిచేవారు మీ కుటుంబంలో ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. అందుకే నా కోపం. ప్రోగ్రాంలు రాయడానికి 1995లో వచ్చిన డెల్ఫీ అనే పనిముట్టులో కాంపొనెంట్లకు లోడెడ్ అనే మెథడ్ ఉంది. ఫారం ఫైలులోని ప్రాపర్టీలన్నీ చదవడం పూర్తయ్యాకే దాన్ని పిలుస్తారు. చదువుతున్నంతసేపూ సీఎస్‌లోడింగ్ అనే జెండా ఎగురుతూ ఉంటుంది, అది చూసి కాంపొనెంట్ నోరు మూసుకోవచ్చు. అంత దూరం పోనక్కరలేదు. విన్‌ఫామ్స్‌లోనే బిగిన్‌ఇనిట్, ఎండ్‌ఇనిట్ అనే రెండు మాటలున్నాయి. ఇందాక గొడవకు దిగిందన్న న్యూమరిక్‌అప్‌డౌన్ ఆ రెండింటి మధ్య ఏ విలువ ఇచ్చినా కిక్కురుమనదు, అన్నీ అందాక ఒకేసారి లెక్క చూసుకుంటుంది. సహనం అనేది మీ వంశంలో లేక కాదు.

ఇక తమరూ గిమరూ చాలు. నువ్వు కట్టే విండోకు, పుట్టుక పూర్తయిందో లేదో చెప్పే ఈజ్‌ఇనిషియలైజ్‌డ్ అనే ప్రాపర్టీ ఉంది. విండో ఇంకా సగంలోనే ఉందని ఆ క్షణంలో అందరికంటే బాగా తెలిసినవాడివి నువ్వు. అంతా తెలిసి కూడా గంట కొట్టావు. ఆ గంట ఎవరు కొట్టారో చెప్పడానికి కూడా ఏర్పాటు లేదు. బటన్ నొక్కింది కొట్టులోని గుమాస్తానా, నా కోడా, నువ్వా? నాకు అందేది ఒకే ఒక్క చెక్‌డ్. ఆ ఫారంలో ఇప్పుడు ప్రతి ఈవెంట్ హ్యాండ్లర్ (ఈవెంట్ మోగినప్పుడు నడిచే కోడు) మొదటి వరుసలోనూ ఈజ్‌ఇనిషియలైజ్‌డ్ కాకపోతే వెనక్కి వెళ్ళిపో అని రాసి ఉంది. రేపు నా స్థానంలోకి వచ్చే కుర్రవాడు అది చూసి, ఈయనకు భయమెక్కువ అనుకుంటాడు. నీ తప్పుకు నా పేరు మీద సంతకాలు.

వదిలి వెళ్ళిపోవచ్చుగా, అంతా బ్రౌజర్‌లో రాసుకోవచ్చుగా అని స్నేహితులు అంటున్నారు. ఆ కొట్టులో ఇంటర్నెట్ వానకు ఒకసారి, ఎండకు ఒకసారి పోతుంది. నీ విండో మాత్రం ఏ నెట్టూ లేకుండా, పాత కంప్యూటర్ మీద, దుమ్ములో, పక్కనున్న ప్రింటర్‌తో నేరుగా మాట్లాడుకుంటూ పొద్దుపోయేదాకా బిల్లులు కొడుతూనే ఉంటుంది. ఒక్కసారి పుట్టిందా, ఇక మొండిది. పుట్టించే ఆ క్షణంలోనే నీకు పూనకం.

కాబట్టి ఈ ఉదయం ఒక ఏర్పాటు చేశాను. నగదు బటన్‌కు జామల్‌లో ఈవెంట్ తీసేశాను. కన్‌స్ట్రక్టర్‌లో నీ కింది వరుసలో, నువ్వు అందరినీ పుట్టించి చేతులు కడుక్కున్నాక, ఆ ఈవెంట్‌ను నేనే కడుతున్నాను. విండో తెరుచుకుంది. అరువు ప్యానెల్ దాగలేదు. నువ్వు నొక్కిన మొదటి బెల్లు వినడానికి ఈసారి ఎవరూ లేరు మరి. అందుకని ఇంకో వరుస కింద రాసి, ప్యానెల్‌ను దాచే మెథడ్‌ను నేనే ఒకసారి పిలిచాను. ఇప్పుడు దాగింది. బటన్లు ఈశాన్యంలోనే ఉన్నాయి.

ఇట్లు,
నీ పని ముగిసేదాకా కాచుకుని ఉన్న
తరువాతి వరుసవాడు