పిల్లల కాలిలో ముల్లు దిగితే జిల్లేడు పాలు వేయకండి

బతుకమ్మ దగ్గర పడిందంటే మా దేవరకొండ దిక్కు పిల్లలు తంగేడు, గునుగు పూల కోసం చెలక గట్ల వెంటే ఉంటారు. గట్ల నిండా సర్కారు తుమ్మ, రేగు కంప. సరిగ్గా ఈ రోజుల్లోనే వాట్సాప్‌లో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ముల్లు లోపల విరిగితే రక్తంలో కలిసి గుండెకు పోతుందట, అందుకే ఆ క్షణమే తీసేయాలట. జిల్లేడు పాలు వేసినా, సున్నం బెల్లం కలిపి పట్టించినా తెల్లారేసరికి అదే బయటికొస్తుందట. సూదిని మంట మీద కాలిస్తే చాలట, టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే ఇంజక్షన్) ఊసే అక్కర్లేదట. చంటిపిల్లల తల్లులు దీన్ని నమ్మి చేస్తున్నారు కాబట్టి ఒక్కొక్కటే చెప్తాను.

ముందు గుండె సంగతి. మిగతా తప్పులు చాలావరకు ఈ భయంతోనే మొదలవుతాయి. అరికాలిలో విరిగిన తుమ్మ ముల్లు రక్తంలో కొట్టుకుపోయి గుండెకు చేరదు. దిగిన చోటే ఉంటుంది. శరీరం దాన్ని పరాయి వస్తువుగా పట్టుకుని చుట్టూ వాపు తెస్తుంది, క్రిములు చేరితే చీము పడుతుంది. పట్టించుకోవాల్సిందే, కానీ అప్పటికప్పుడు ప్రాణం మీదికి వచ్చేది కాదు. గుండెకు పోతుందన్న టెన్షన్‌లో ఏం జరుగుతుందో చూడండి. రాత్రిపూట, చాలీచాలని బల్బు వెలుతురులో ఇద్దరు పిల్లను అదిమి పట్టుకుంటారు, ఒకరు పిన్నీసుతో కెలుకుతారు. పిల్ల కాలు గుంజుకుంటుంది, ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది, పైకి కనబడే కాస్త కొన కూడా విరుగుతుంది. పైపైన ఉన్న చిన్న ముల్లయితే సబ్బుతో కడిగి, పొద్దున ఎండ వెలుతురులో, వీలైతే పిల్ల నిద్రలో ఉండగా తీయొచ్చు.

జిల్లేడు పాలు మన పెద్దలు వాడిన మాట నిజమే. తర్వాత ముల్లు బయటపడిన మాటా నిజమే. చర్మం పై పొరలో ఇరుక్కున్న చిన్న ముల్లు ఏ మందూ వేయకపోయినా, పాత చర్మం రాలేకొద్దీ దానంతటదే బయటికి వస్తుంది. ఆ పేరు పాలకు దక్కింది. పాలు మాత్రం లేత చర్మాన్ని మండించి బొబ్బలు తెప్పించగలవు. నాకు అసలు భయం కంటి గురించి. పిల్లలు కాలు తడుముకున్న చేత్తోనే ఏడుస్తూ కళ్లు నులుముకుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర ఉబ్బి చూపు మసకబారుతుంది, అదీ ఒక్కోసారి నొప్పే తెలియకుండా. సున్నమైతే కంటిని కాల్చేస్తుంది. ఏది పడినా వెంటనే మంచినీళ్లు ధారగా పోస్తూ కనీసం 15 నిమిషాలు కడిగి, కంటి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. తడి పట్టు గంటల తరబడి కట్టి ఉంచితే కట్టె పేడు, ముల్లు నాని ఉబ్బుతాయి, లాగేటప్పుడు తునుగుతాయి.

సూదిని మంట మీద పెడితే మసి పడుతుంది, ఆ మసి చర్మంలోకి పోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, సూదినీ చిన్న చిమ్టానూ (ట్వీజర్) స్పిరిట్‌తో తుడవండి. ముల్లు కొన బయటికి ఉంటే చిమ్టాతో చర్మానికి దగ్గరగా పట్టుకుని, ఏ ఏటవాలుగా దిగిందో అదే దారిలో మెల్లగా వెనక్కి లాగాలి. నిటారుగా పీకితే విరుగుతుంది. కొన చర్మం కింద కనబడుతుంటే, సూదితో దాని మీది పలుచని పొరను మాత్రమే చీల్చి కొన పైకెత్తాలి. చుట్టూ పిసకొద్దు. ఒకటి రెండు సార్లకు రాకపోతే అక్కడితో ఆపేయండి.

టీటీ విషయంలో మెసేజ్ సగం నిజం చెప్పి మోసం చేస్తోంది. టీకాలన్నీ వేళకు పడిన పిల్లకు ప్రతి ముల్లుకూ ఇంజక్షన్ అక్కర్లేదు. 6, 10, 14 వారాల్లో, మళ్లీ 16-24 నెలల మధ్య, ఆపైన 5-6 ఏళ్లకు వేసే టీకాల్లో ధనుర్వాతానికి మందు ఉంటుంది. వీటిలో ఏది తప్పినా, లేదా మట్టీ పేడా అంటిన లోతైన గాయమైతే టీకా కార్డు పట్టుకుని ఊళ్లో టీకాలు వేసే ఏఎన్ఎంకు చూపించండి. ధనుర్వాతం తెచ్చే క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది, మన దొడ్లలో దానికి కొదవ లేదు.

గాజు పెంకు, గోరు కింద దిగిన పేడు, కంటి దగ్గర గుచ్చుకున్నది, లోతుగా దిగిన ఏ ముల్లయినా ఇంట్లో ముట్టుకోవద్దు. ఎరుపు పాకుతున్నా, చీము కనబడినా, జ్వరం వచ్చినా దవాఖానకే. ఈత ముల్లు మోకాలి దగ్గరో వేలి కణుపు దగ్గరో దిగితే మరీ జాగ్రత్త. పైన గాయం మానాక కూడా, కొన్ని వారాలకు ఆ కీలు వాచొచ్చు, మోకాలైతే పిల్ల కుంటొచ్చు. అప్పటికి ముల్లు సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు, కాబట్టి డాక్టర్‌కు ఆ మాట మీరే చెప్పాలి. ముల్లు, కట్టె పేడు మామూలుగా ఎక్స్‌రేలో కనబడవు. ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నా వాపు తగ్గకపోతే అల్ట్రాసౌండ్ తీయిస్తారా అని అడగండి.