చేపల వలలో రాణి: ఆ బొమ్మ చరిత్ర కాదు

పొడవాటి జుట్టు, ఒంటికి చుట్టుకున్న చేపల వల, వెంట ఒక కుక్క. ఈ అమ్మాయి బొమ్మ సోషల్ మీడియాలో తెగ తిరుగుతోంది. కింద రాసేది దాదాపు ఒకటే: "వైకింగ్ రాజు రాగ్నర్, తనకు కాబోయే రాణి ఆస్లాగ్‌ను ఇలా రప్పించాడు. ఇది 9వ శతాబ్దంలో నిజంగా జరిగింది, నాటి ఆధారాలతో గీశారు. ఆడవాళ్లను నగ్నంగా రప్పించి అవమానించడం వాళ్ల ఆచారం." ఇందులో ఒక్క మాటా నిలబడదు.

ముందు బొమ్మ సంగతి. గీసింది స్వీడన్ చిత్రకారుడు ఆగస్ట్ మాల్మ్‌స్ట్రోమ్, 1880లో. అంటే చెబుతున్న కాలానికి వెయ్యేళ్ల తర్వాత. వైకింగుల వస్తువుల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో చాలా భాగం అప్పటికింకా మట్టిలోనే ఉంది. నార్వేలో గోక్‌స్టాడ్ అనే వైకింగ్ ఓడను తవ్వి తీసింది సరిగ్గా ఆ ఏడే. మరో వైకింగ్ ఓడ ఓసెబెర్గ్‌ను 1904లో తవ్వారు, గెర్ముండ్‌బు అనే వైకింగ్ హెల్మెట్ 1943లో దొరికింది. మాల్మ్‌స్ట్రోమ్ గొప్పగా గీశాడు, కాదనను. కానీ ఆయన చేతిలో ఉన్నది కథ, తవ్వకాల్లో దొరికిన ఆనవాళ్లు కాదు.

ఇక "నిజంగా జరిగింది" అనే మాట. ఈ కథ ఉన్నది ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో రాసిన రాగ్నర్ సాగాలో. సాగా అంటే అక్కడి పాత వీరగాథ. అందులో ఆస్లాగ్ ఎవరి కూతురు? డ్రాగన్‌ను చంపిన సిగుర్డ్‌కూ బ్రిన్‌హిల్డ్‌కూ పుట్టింది. సిగుర్డ్ చనిపోయాక అతని భార్య గుడ్రున్‌ను పెళ్లాడినవాడు అట్లి. అట్లి అంటే హూణ రాజు అట్టిలా. ఆయన చనిపోయింది 453లో. రాగ్నర్ కథకు మూలమని కొందరు చరిత్రకారులు చెప్పే వైకింగ్ నాయకుడు రెగిన్‌హెరి పారిస్ మీద పడింది 845లో. మధ్యలో దాదాపు నాలుగు వందల ఏళ్లు! ఆ తండ్రి కూతురు ఈ రాజుకు భార్య ఎలా అవుతుంది? నార్వే రాజుల వంశాన్ని సిగుర్డ్ దాకా తీసుకెళ్లడానికి సాగా వేసిన వంతెన ఆమె. రాగ్నర్ కొడుకులుగా చెప్పే ఐవార్, హాఫ్‌డాన్ లాంటివాళ్లు నిజంగా ఉన్నారు. దాంతో తల్లి కథ కూడా నిజమైపోదు.

నాకు బాగా కోపం తెప్పించేది మూడోది, అవమానం మాట. రాగ్నర్ ఆమెను నగ్నంగా రమ్మనలేదు. బట్టలు కట్టుకోకుండా, అలాగని కట్టుకోనట్టూ కాకుండా. తినకుండా, అలాగని పస్తుగానూ కాకుండా. ఒంటరిగా కాకుండా, అలాగని మనిషి తోడుగానూ కాకుండా రమ్మన్నాడు. హిరణ్యకశిపుడి వరం వినివున్న మనకు ఈ చిక్కుముడి వరస కొత్తేమీ కాదు. అందగత్తె అని విన్నాడు, తెలివి ఎంతుందో చూడాలనుకున్నాడు. అప్పటికి ఆమె క్రాకా అన్న మారుపేరుతో, తనను పెంచిన హేమిర్‌ను చంపిన ముసలి దంపతుల ఇంట్లో మేకలు కాస్తూ బతుకుతోంది. అయినా చిక్కు విప్పేసింది. వల చుట్టుకుని పైన జుట్టు పరుచుకుంది, ఉల్లి రుచి చూసింది, కుక్కను వెంటబెట్టుకుంది.

పైగా షరతు ఆమె కూడా పెట్టింది: తనకూ తనతో వచ్చేవాళ్లకూ హాని చేయకూడదు. ఆ మాట తప్పింది రాగ్నర్ మనుషులు. కుక్క రాజును కరిచిందని దాన్ని చంపేశారు. చనిపోయిన మొదటి భార్య థోరాది, బంగారు పని చేసిన చొక్కా రాజు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. వెంటనే రమ్మన్నా వెళ్లలేదు. ముందు వచ్చిన పని ముగించుకో, తిరిగొచ్చాక కూడా నీ మనసు మారకపోతే వస్తానంది.

రాగ్నర్ మంచివాడని నేననడం లేదు. పెళ్లయ్యాక మూడు రాత్రులు ఆగమని ఆమె చెబితే ఆగలేదు. కానీ అది గొప్ప అని సాగా ఎక్కడా అనదు. ఆ మాట వినకపోవడం వల్లే పెద్దకొడుకు ఐవార్ ఎముకలు లేకుండా పుట్టాడని చెబుతుంది.