మూడు కాళ్ల దొరవారికి మనవి

మహారాజశ్రీ ఏఎంఎస్ 1117 వోల్టేజీ రెగ్యులేటరు దొరవారి సముఖమునకు, పరకాల దగ్గరి ఒక ఊరి కుంటకట్ట మీద సోలార్ సెన్సరు డబ్బా బాగోగులు చూసుకునేవాడు రాసుకున్న మనవి.

తమరిని మేము ప్రత్యేకంగా పిలిపించుకోలేదు. వైఫై ఉన్న చిన్న కంప్యూటరు చిప్పు, ఈఎస్‌పీ 8266, బోర్డు కొంటే దాని మీద ముందే కొలువుతీరి వచ్చారు. లిథియం బ్యాటరీ ఇచ్చే వోల్టేజీని తగ్గించి చిప్పుకు 3.3 వోల్టులు అందించడమే తమ పని. కుంట నీరు మత్తడి అంచును తాకిందా లేదా అని నీటిపై తేలే బెండు స్విచ్చును అడిగి, గంటకొకసారి వైఫైలో ఇంటికి కబురు పంపి, మళ్లీ పడుకోవడం చిప్పు పని. గాఢనిద్రలో ఆ చిప్పుకు కావలసింది సుమారు 20 మైక్రో ఆంపియర్లు. అది నిద్రపోతుంటే ఊరికే కూర్చున్నందుకు తమరు పుచ్చుకునేది 5 మిల్లీ ఆంపియర్లు, అంటే పనివాడి తిండికి 250 రెట్లు.

ఎండాకాలమంతా ఈ సంగతి బయటపడలేదు. ఒక వాటు ప్యానెల్ గట్టి ఎండలో 150 మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూగా ఇస్తుంది కాబట్టి, నాలుగు గంటల్లో వచ్చే 600 మిల్లీ ఆంపియర్ అవర్లలో తమ దినబత్తెం 120 ఎవరి కంటా పడలేదు. సూర్యుడి చేత వెట్టి చేయించుకున్నా అడిగేవారు లేకపోయారు. శ్రావణంలో ముసురు పట్టి, ప్యానెల్ అందులో పదోవంతు ఇవ్వడం కూడా గగనమైనప్పుడు, అంటే మత్తడి కబురు నిజంగా కావలసిన రోజుల్లోనే, సెన్సరు మూగబోయింది.

ఊళ్లో తలా ఒక మాట అన్నారు. కాకిరెట్ట అన్నవారి మాట మన్నించి ప్యానెల్ కడిగాం. బ్యాటరీ నకిలీదన్నవారి కోసం మీటరు పెట్టి చూస్తే 3.7 వోల్టులు చూపించింది. ఇంకా సత్తువ మిగిలి ఉన్న బ్యాటరీ పక్కనే సెన్సరు సొమ్మసిల్లి పడి ఉంది. అనుమానం తమ గడి వైపు మళ్లింది అప్పుడే. తాము ఇచ్చేదానికంటే తమకు వచ్చేది సుమారు ఒక వోల్టు ఎక్కువ ఉంటే తప్ప తమకు గిట్టదు కదా! 3.7లో ఆ ఒక్కటీ తమ మర్యాదకు పోగా చిప్పుకు మిగిలేది 2.7, దానికి అందాల్సిన 3.3 కంటే బాగా తక్కువ. వైఫై అందుకున్న క్షణంలో కరెంటు 300 మిల్లీ ఆంపియర్ల దాకా ఎగబాకుతుంది, ఉన్న వోల్టేజీ ఇంకా కుంగుతుంది, చిప్పు పడిపోయి లేస్తుంది, లేచి మళ్లీ వైఫై కోసం చేయి చాస్తుంది. లేచిన ప్రతిసారీ బ్యాటరీ మరికొంత తరిగిపోతుంది. మీటరును బ్యాటరీ తీగకు వరుసలో కలిపి, చిప్పు నిద్రలో ఉండగా చూశాం గనుక తమ బత్తెం లెక్కలో మాకు సందేహం లేదు. (తమ పక్కన కూర్చున్న యూఎస్‌బీ చిప్పు కూడా తక్కువది కాదు, దాని మీద మనవి వేరే కాగితం మీద రాస్తాం.)

తమ చోటికి ఎంసీపీ 1700 అనే మరో రెగ్యులేటరును తెస్తున్నాం. దాని బత్తెం 1.6 మైక్రో ఆంపియర్లు, 250 మిల్లీ ఆంపియర్లు మోస్తున్నప్పుడు కూడా అది మిగుల్చుకునేది 0.2 వోల్టుకు లోపే. వైఫై ఊపుకు అది ఒక్కటే చాలదు గనుక చిప్పు పక్కనే కరెంటును కాస్త దాచుకుని అవసరమైన క్షణంలో ఇచ్చే 1000 మైక్రో ఫారడ్ల కెపాసిటరును తోడు నిలబెడుతున్నాం.

తమరు నొచ్చుకోవలసిన పని లేదు. హనుమకొండ ఇంట్లో 5 వోల్టుల అడాప్టరుతో నడిచే గడియారం బోర్డులో తమకు చోటు చూశాం. అక్కడ తమ మర్యాదకు 1.7 వోల్టులు ఉంటాయి, 5 మిల్లీ ఆంపియర్ల గురించి కరెంటు బిల్లులో ఎవరూ ఆరా తీయరు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. వెనుకనున్న వెడల్పాటి రేకుతో మొదలుపెట్టి తరువాత మూడు కాళ్లూ విడిపిస్తాం. తమరు దయచేసి కదలకుండా ఉండగలరు.

ఇట్లు,
కుంటకట్ట డబ్బా బాధ్యుడు