బల్బు నిర్దోషి

ఫోన్లోంచి వేసి ఆపే స్మార్ట్ బల్బు వైఫై నుంచి ఊడిపోయిన ప్రతిసారీ జనం దాన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఆ నోరులేని ప్రాణి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. నేను మాట్లాడతాను. ప్రస్తుతం చీకట్లో కూర్చుని ఉన్నాను కాబట్టి తీరిక కూడా ఉంది. గోడ మీది స్విచ్ ఒకసారి ఆపి వేస్తే లైటు వెలుగుతుందని నాకూ తెలుసు. కానీ అది లొంగిపోవడం. ఫోన్ వెలుతురులోనే రాస్తాను.

ముందుగా నిందితుడి పుట్టుపూర్వోత్తరాలు. 2014లో ఈఎస్‌పీ8266 అనే చవక చిప్పు వచ్చినప్పటి నుంచి, ఒక వస్తువులో వైఫై ఎందుకు పెట్టారని అడిగేవాళ్లు పోయి, ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్లు మిగిలారు. అలాంటి చిప్పులు నిరాడంబరమైనవి. వైఫై నడిచే రేడియో దారుల్లో (వాటినే బ్యాండ్లంటారు) వాటికి తెలిసింది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. 5 గిగాహెర్ట్జ్ అనేది ఒకటుందని వాటికి ఎవరూ చెప్పలేదు. మన రౌటరేమో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టుకుని, వచ్చినవాళ్లందర్నీ 5 వైపు తోస్తుంటుంది. ఫోన్ అటు వెళ్లి కూర్చుంటుంది. బల్బు ఇటు గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఇద్దరికీ పరిచయం చేయాల్సిన యాప్ మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. చివరికి మా ఇంట్లో వేరు కుంపట్లు పెట్టించాను: 2.4కు ఒక పేరు, 5కు ఇంకో పేరు. అప్పటి నుంచి బల్బుల చేరిక కాస్త సజావుగా సాగుతోంది.

చేరిక అన్నాను కాబట్టి ఆ తంతు గురించి చెప్పాలి. స్విచ్ ఐదుసార్లు వెంటవెంటనే వేసి ఆపాలి. అప్పుడు బల్బు తన గతాన్నంతా మరిచిపోయి టపటపా మినుకుమంటుంది. యాప్ అడుగుతుంది: బల్బు వేగంగా మినుకుమంటోందా, నెమ్మదిగా మినుకుమంటోందా? స్టూలు మీద నిలబడి, మెడ వెనక్కి వాల్చి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, దేంతో పోలిస్తే వేగమో తేల్చుకోలేక నేను పడ్డ మథనం అంతా ఇంతా కాదు. 'వేగంగా' అని నొక్కాను. తప్పట. మళ్లీ ఐదుసార్లు. ఎదురింటివాళ్లు ఒకరొకరుగా కిటికీల్లోకి వచ్చారు.

ఇక దోషులెవరో చూద్దాం. మొదటి ముద్దాయి మైక్రోవేవ్ ఓవెన్. అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే బల్బు నివాసంలోనే. తలుపు సందుల్లోంచి జారే కాస్త తరంగమే వైఫైకి పెద్ద రొద. బ్లూటూత్ హెడ్‌ఫోన్లదీ ఆ పేటే, ఇరుగుపొరుగు రౌటర్లదీ ఆ పేటే. ఆ ఇరుకులో ఒకదాన్నొకటి రాసుకోకుండా నడిచే చానెళ్లు మూడే: 1, 6, 11. రౌటర్‌ని 'ఆటో'లో వదిలేస్తే అది అర్ధరాత్రి ఇంకో చానెల్‌కి చెప్పాపెట్టకుండా మకాం మారుస్తుంది. తెల్లారి చూస్తే మూడు బల్బులు వెంట వెళ్లి ఉంటాయి, రెండు పాత చోటే తచ్చాడుతుంటాయి. ఆ మూడు చానెళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని చూసి రౌటర్‌ని దానికి కట్టేయడం, చానెల్ వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించడం మంచిది. వేగం తగ్గదా అంటారేమో. బల్బు సినిమాలు చూడదు.

రెండో ముద్దాయి మన సౌందర్యదృష్టి. రౌటర్ చూడటానికి బాగోలేదని టీవీ వెనక, ఇనప బీరువా పక్కన, నిలువుటద్దం చాటున దాచిపెడతాం. లోహమూ అద్దం వెనక పూతా సిగ్నల్‌ని వెనక్కి కొడతాయి. చేపల తొట్టె ఉంటే అందులోని నీళ్లు తాగేస్తాయి. ఇన్ని చేసి, చివరి గదిలో బల్బు పలకడం లేదని దానిమీద అలుగుతాం.

కరెంటు పోయి వచ్చినప్పుడు జరిగేది ఇంకా కరుణరసం. బల్బులు క్షణాల్లో లేస్తాయి. తెల్లవారుజామున మూడైనా సరే, పూర్తి వెలుగుతో లేవడం చాలా బల్బులకు పుట్టుకతో వచ్చిన గుణం. రౌటర్‌కు మాత్రం ఒళ్లు విరుచుకోవడానికే రెండు నిమిషాలు కావాలి. అది కళ్లు తెరిచేలోపు కొన్ని బల్బులు పిలిచి పిలిచి విసిగి ఊరుకుంటాయి. ఫలితంగా నెత్తిమీద బల్బు ధగధగలాడుతుంటే, యాప్ మాత్రం బూడిద రంగులో 'ఆఫ్‌లైన్' అంటుంది. ఆపమని నోటితో చెబితే, ఆ పరికరం స్పందించడం లేదని మర్యాదగా జవాబొస్తుంది. ఆ వెలుగులో దుప్పటి ముసుగేసుకుని పడుకున్న రాత్రులు నాకున్నాయి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టాక అది నిద్రపోవడం మానేసింది.

అడ్రసు గొడవ ఒకటుంది. ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టడానికి రౌటర్ ఇచ్చే నంబరు, అంటే ఐపీ అడ్రసు, సొంతం కాదు, అద్దె. గడువు తీరేలోపు పొడిగించుకోవడం కొన్ని బల్బులకు చేతకాదు. రౌటర్ సెట్టింగుల్లో ఒక్కోదానికి ఒక్కో అడ్రసు రాసిచ్చేస్తే ఆ పేచీ చాలావరకు తగ్గుతుంది. అలాగే కొత్త రౌటర్‌లో వైఫై భద్రతని కొత్త తరం తాళం డబ్ల్యూపీఏ3 ఒక్కటే అని పెట్టారా, డబ్ల్యూపీఏ2 దాటి చదువుకోని పాత బల్బులన్నీ ఆ పూటే బయటికి. రెండూ కలిపి ఉండే మిశ్రమ సెట్టింగు ఉంటే అది పెట్టండి.

అయితే ఇవన్నీ చిల్లర నేరాలు. అసలు నేరస్థురాలు మా అమ్మ.

గదిలోంచి వెళ్తూ గోడమీది స్విచ్ ఆపడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటు. స్విచ్ ఆపితే బల్బుకు ఊపిరి ఆగినట్టే. ఊపిరే లేనిది వైఫైలో ఎలా ఉంటుంది? "అమ్మా, ఆ స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. ఆపాలంటే ఫోన్లో ఆపాలి" అని చెప్పాను.

"లైటు ఆపడానికి ఫోన్ వెతకాలా?"

"అవును."

"ఫోన్ వెతకడానికి లైటు వెయ్యాలి కదరా."

ఇలాంటి వాదనలతో సాంకేతిక ప్రగతి ఆగిపోకూడదు. అందుకే ఇవాళ సాయంత్రం ఒక కాగితం మీద 'ఈ స్విచ్ నొక్కరాదు' అని పెద్దక్షరాలతో రాసి, దాని పక్కనే గోడకు అంటించాను. స్విచ్‌ల మీద మూతలు బిగించడం, లేదా వాటిని పీకి స్మార్ట్ స్విచ్‌లు పెట్టడం రెండో దశలో ఉంటుంది.

ఈ వాక్యం రాస్తుండగా అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏరా, గోడకేదో కాగితం అంటించావు. చీకట్లో ఏం రాశావో కనబడలేదు. లైటు వేద్దామని స్విచ్ నొక్కితే ఒకసారి వెలుగుతుంది, ఒకసారి ఆరిపోతుంది. సరిగ్గా పడిందో లేదోనని నాలుగైదుసార్లు నొక్కి చూశాను. ఇప్పుడది టపటపా కొట్టుకుంటోంది."

"వేగంగానా, నెమ్మదిగానా?" అన్నాను, స్టూలు కోసం తడుముకుంటూ.