కాలు మడతపడితే నేరుగా ఎమ్మారైకేనా?

ఈ మధ్య కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "కాలు బెణికితే ఎక్స్‌రే దండగ. నేరుగా ఎమ్మారై తీయించండి. లిగమెంట్ తెగిందని వస్తే ఆపరేషన్ తప్పదు. ఎమ్మారైలో రేడియేషన్ ఎక్కువ. ఒంట్లో రాడ్డు ఉన్నవాళ్లు ఆ గదిలోకి వెళ్లకండి." అమలాపురం దగ్గర ఫిజియోథెరపీ చేస్తూ రోజూ ఈ కాళ్లనే చూస్తున్నాను. ఇది నమ్మి అప్పు చేసి స్కానింగ్‌కి కాకినాడ వెళ్లొచ్చినవాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. అందుకే ఈ జవాబు.

రేడియేషన్ మాట పూర్తిగా అబద్ధం. ఎమ్మారై పనిచేసేది అయస్కాంతంతో, రేడియో తరంగాలతో. మన ఒంటి నీటిలోని హైడ్రోజన్ ఇచ్చే సంకేతాలే బొమ్మగా మారతాయి. రేడియేషన్ ఉండేది ఎక్స్‌రేలో, అదీ పాదానికి తీసినప్పుడు చాలా తక్కువ. రాడ్లు, ప్లేట్లు ఎక్కువ శాతం టైటానియంవో స్టీలువో. వాటితో మామూలుగా తీస్తారు, కాకపోతే లోహం పక్కన బొమ్మ చెదురుతుంది. ఒంట్లో ఏ లోహం ఉన్నా ముందే చెప్పాలి, ముఖ్యంగా గుండెకు అమర్చిన పేస్‌మేకర్ గురించి, మెదడులో వేసిన పాత క్లిప్పుల గురించి.

"తెగితే ఆపరేషనే" అన్న మాట జనాన్ని వణికిస్తోంది. మనవాళ్లు "నరం బెణికింది" అంటారు గానీ అది నరం కాదు, ఎముకను ఎముకతో కట్టే లిగమెంట్. కాలు లోపలికి మడతపడితే ఎక్కువగా దెబ్బతినేది చీలమండ బయటివైపు, ముందు ఉండే లిగమెంటే. అది పూర్తిగా తెగినా చాలామందికి పట్టీ, వ్యాయామం, ఒంటికాలి మీద నిలబడే సాధనతోనే నయమవుతుంది. నెలల తరబడి వ్యాయామం చేసినా కాలు మాటిమాటికీ మడతపడుతుంటేనే ఆపరేషన్ ఆలోచన. పైగా నొప్పే లేనివాళ్ల ఎమ్మారైలోనూ పాత చీలికలు కనబడుతుంటాయి. రిపోర్టు ఒక్కటీ చూసి కత్తి పట్టరు.

ఇక ఎక్స్‌రే. కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ఇచ్చిన నియమాలు ఇప్పటికీ వాడతాం. చీలమండకు అటూ ఇటూ ఉన్న ఎముకల వెనక అంచున, లేదా కొసన నొక్కితే నొప్పి ఉందా? పాదంలో చిటికెనవేలి ఎముక మొదట్లో, లోపలివైపు వంపు ఎముక మీద నొప్పి ఉందా? దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ డాక్టరు దగ్గర, నాలుగడుగులు వేయగలరా? ఆ చోట్ల నొప్పి లేక, నడవగలిగితే పెద్దవాళ్లకు సాధారణంగా ఎక్స్‌రే కూడా అక్కర్లేదు, ఎమ్మారై సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే ఎక్స్‌రేను గుడ్డిగా నమ్మకూడని చోటొకటుంది. ఆ మెసేజ్ దాని ఊసే ఎత్తలేదు. మొన్న ఉప్పలగుప్తం వైపు నుంచి ఒక కొబ్బరి దింపు కార్మికుడు వచ్చాడు. కాలవ గట్టు దిగుతుంటే వేళ్లు బురదలో కూరుకుపోయి, మడమ లేచి, ఒంటి బరువంతా పాదం మీద పడిందట. "ఎక్స్‌రే ఫొటో తీయించుకున్నానండి, ఏం లేదన్నారు, ఆయ్" అన్నాడు. మూడు వారాలైనా మునివేళ్ల మీద లేవలేకపోతున్నాడు. మొదటివారంలో కూతురు ఫోన్‌లో తీసిన ఫొటో చూపించింది: అరికాలి మధ్యలో నల్లగా కమిలిన మచ్చ. అది చూడగానే నాకు గుండె జారింది.

అలాంటి మచ్చ కనబడితే, అక్కడుండే లిస్‌ఫ్రాంక్ లిగమెంట్ తెగిందేమోనని అనుమానించాలి. పాదం మధ్యలో బొటనవేలి వైపున్న చిన్న ఎముకను రెండో వేలి పొడవాటి ఎముక మొదలుతో కలిపి, పాదం వంపు నిలబడడానికి తోడ్పడేది అదే. తెగినా, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో సందు కనబడకపోవచ్చు. రెండు కాళ్ల మీదా నిలబెట్టి తీసి పోల్చాలి. నొప్పితో నిలబడలేకపోయినా, అప్పటికీ అనుమానం మిగిలినా, అప్పుడు ఎమ్మారై. అందులో లిగమెంటే కనబడుతుంది, దాని చుట్టూ చేరిన నీరు, ఎముక లోపల కమిలిన చోటు కూడా.

ఆయన్ని ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. నిలబెట్టి తీస్తే సందు కనబడింది. స్క్రూలు వేశారు. ఇప్పుడు నా దగ్గరే నడక నేర్చుకుంటున్నాడు. చెట్టెక్కగలడో లేదో ఇంకా చెప్పలేను. ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే, దాని కింద ఈ అరికాలి మచ్చ సంగతి రాయండి.